బయటి చలిని చూసి వేడి మార్చే కంట్రోల్ మన పురుగుల గదికి కావాలా?



మన గ్రూపులో ఒక అన్న ఫొటో పెట్టి ఇలా అడిగారు: "ఏటండీ ఇది? బయట గోడకి ఒక సెన్సర్, లోపల ఒక బాక్సు. బయట చలి పెరిగితే దానంతటదే వేడి పెంచుద్దట. చలికాలం పంటకి కొనమంటారా?"

దీన్ని అవుట్‌డోర్ రీసెట్ కంట్రోల్ అంటారు. చలి దేశాల్లో ఇళ్లని వెచ్చగా ఉంచే వేడినీళ్ల బాయిలర్ల కోసం వచ్చిన వస్తువు. ముందు జవాబు చెప్పేస్తాను. మీ గదిలో ఉన్నది కరెంటు హీటర్ అయితే ఇది అక్కర్లేదు, మంచి రూమ్ థర్మోస్టాట్ చాలు. బాయిలర్ నుంచి పైపుల్లో వేడినీళ్లు తిప్పి గదిని వెచ్చబెడుతున్నవాళ్లకి మాత్రం ఇది పనికొస్తుంది. అప్పుడు కూడా లోపల ఇంకో సెన్సర్ ఉండాలి. ఎందుకో చూద్దాం.

ఇది చేసే పని ఏమిటి?

గది ఎంత వేడి పోగొట్టుకుంటుందో లోపలికీ బయటికీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది. బయట 16 డిగ్రీలు, లోపల 26 కావాలి. తేడా 10. దీనికి గంటకి ఒక యూనిట్ కరెంటు పడుతోంది అనుకోండి. బయట 11కి దిగితే తేడా 15 అవుతుంది, గంటకి ఒకటిన్నర యూనిట్ కావాలి. అవుట్‌డోర్ రీసెట్ ఈ లెక్కనే పట్టుకుంటుంది. బయట చలి పెరిగిన కొద్దీ పైపుల్లో నీళ్ల వేడి పెంచుతుంది, తగ్గితే తగ్గిస్తుంది. గది చల్లబడేదాకా ఆగకుండా ముందే సర్దుకుంటుంది కాబట్టి వేడి ఎగుడుదిగుళ్లు లేకుండా సమంగా ఉంటుంది, కట్టెలో గ్యాసో మిగులుతుంది.

కానీ దానికి తెలిసింది బయటి చలి ఒక్కటే. ఆకు వెయ్యడానికి తలుపు పది నిమిషాలు తీసి పెట్టారా, మధ్యాహ్నం రేకుల కప్పు కాలి గది వేడెక్కిందా, ఐదో దశ పురుగులు నిండుగా ఉన్నాయా, ఇవేవీ దానికి తెలియవు. మన పురుగుకి మాత్రం లోపల తట్ట దగ్గర ఎంత వేడి ఉందన్నదే ముఖ్యం.

పురుగుకి కావలసినది

మొదటి దశకి 28 డిగ్రీలు, రెండో దశకి 27, మూడుకి 26, నాలుగుకి 25, ఐదుకి 24. తేమ చాకీలో 85 నుంచి 90 శాతం, మూడో దశలో 80, నాలుగులో 70 నుంచి 75, ఐదులో 65 నుంచి 70.

అంటే బయట చలి మారకపోయినా పురుగు పెరిగే కొద్దీ మనకి కావలసిన వేడి తగ్గుతూ వస్తుంది. బయట 16 ఉన్న రాత్రి చాకీ గదికి తేడా 12, ఐదో దశ గదికి 8. ఏ కంట్రోల్ కొన్నా ప్రతి జ్వరం తరవాత సెట్టింగ్ మార్చుకోవాల్సిందే. "దానంతటదే చూసుకుంటుంది" అన్న మాట సగమే నిజం.

మన వాతావరణం సంగతి

బరంపురం, గోపాల్‌పూర్ వైపు సముద్రం దగ్గర కాబట్టి జనవరి రాత్రుల్లో 16 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఒక రాత్రికీ ఇంకో రాత్రికీ పెద్ద తేడా ఉండదు. గజపతి జిల్లా మోహనా, చంద్రగిరి వైపు కొండల మీదికి వెళ్తే చలి ఎక్కువ. కంధమాల్‌లోని దారింగిబాడి సంగతి అందరికీ తెలిసిందే, అక్కడ చలి గడ్డకట్టే దగ్గరికి పోతుంది. బయటి సెన్సర్‌కి చేతినిండా పని అలాంటి చోట ఉంటుంది. కింద మైదానంలో ఉన్నవాళ్లు ఆ డబ్బు పెట్టి కిటికీ సందులు మూసి, కప్పు కింద సీలింగ్‌గా గోనె పట్టాలో తాటాకు చాపలో కట్టించుకుంటే ఎక్కువ లాభం.

కరెంటు హీటర్ ఉన్నవాళ్లకి

థర్మోస్టాట్ కొనేటప్పుడు ఇవి చూడండి.

1. సెన్సర్ వైరు పొడుగ్గా ఉండాలి. దాన్ని స్టాండులో నడి తట్ట ఎత్తులో, హీటర్ గాలి నేరుగా తగలని చోట వేలాడదీయాలి. పోయిన చలికాలం నేను హీటర్‌కి దగ్గరగా పెట్టాను. బాక్సు మీద 26 చూపిస్తూనే ఉంది, కింది తట్టలో వేరే థర్మామీటర్ పెడితే 21. పై తట్టల పురుగులు జ్వరం నుంచి లేచిపోయాయి, కిందివి ఇంకా పడుకునే ఉన్నాయి. ఆ పంటంతా ఎగుడుదిగుడుగా నడిచింది, గూళ్లు ఏరడానికి మూడు రోజులు ఎక్కువ పట్టింది.

2. ఆన్‌కీ ఆఫ్‌కీ మధ్య తేడాని మనం సెట్ చేసుకునే వీలుండాలి. ఒక డిగ్రీ పెట్టుకోండి. 25కి దిగితే ఆన్, 26కి ఆఫ్. మూడు నాలుగు డిగ్రీల తేడా ఉన్న చవక బాక్సు పురుగుకి పనికిరాదు.

3. 2 కిలోవాట్ల హీటర్ 230 వోల్టుల మీద దాదాపు 9 యాంపియర్లు లాగుతుంది. చిన్న బాక్సుల్లో రిలే 10 యాంపియర్లకే ఉంటుంది, రాత్రంతా ఆ భారం మొయ్యలేదు, కాలిపోతుంది. మధ్యలో కాంటాక్టర్ పెట్టించండి. తడి చేతులతో తిరిగే గది కాబట్టి ఎర్తింగ్, ఆర్‌సీసీబీ తప్పనిసరి.

4. ఆ హీటర్ పది గంటలు ఆగకుండా నడిస్తే 20 యూనిట్లు. సందులు మూసి థర్మోస్టాట్ పెట్టాక సగం సేపే వెలిగితే 10 యూనిట్లు. బాక్సు ధర ఎన్ని పంటల్లో తిరిగొస్తుందో ఈ లెక్కతో మీరే చూసుకోవచ్చు.

వేడినీళ్ల పైపులు ఉన్నవాళ్లకి

ఇక్కడ అవుట్‌డోర్ రీసెట్ తీసుకోవచ్చు. కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. లోపలి సెన్సర్ కూడా తగిలించుకోవచ్చా? గది వేడెక్కితే పంపు ఆపేస్తుందా? మనం గీత మార్చుకునే వీలుందా?

గీత అంటే ఇదీ. ఉదాహరణకి బయట 20 ఉంటే నీళ్లు 35 డిగ్రీలు, బయట 10 ఉంటే నీళ్లు 50. అంటే బయట ఒక డిగ్రీ తగ్గితే నీళ్లు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతాయి. ఈ అంకెలతో మొదలుపెట్టి మీ గదిని గమనించండి. మామూలు రాత్రి సరిపోయి, గట్టి చలి రాత్రి మాత్రం గది చల్లబడుతుంటే వాలు పెంచండి. ఏ రాత్రయినా ఒకేలా రెండు డిగ్రీలు తక్కువ వస్తుంటే గీత మొత్తాన్ని పైకి జరపండి. ఒక మార్పు చేశాక ఒకటి రెండు రోజులు ఆగి చూడాలి, గంటకోసారి తిప్పితే ఏమీ అర్థం కాదు. చాకీ అయిపోయాక గీతని కిందికి దించడం మరవకండి.

బయటి సెన్సర్‌ని ఉత్తరం గోడకి, చూరు కింద, ఎండ తగలని చోట బిగించాలి. తలుపు పక్కన, పొగగొట్టం దగ్గర వద్దు.

కట్టెల బాయిలర్ బాక్సు మాట వినదు. మంట రగిలాక రగిలినట్టే ఉంటుంది. అందుకని నీళ్ల వేడిని సర్దడానికి మూడు దారుల మిక్సింగ్ వాల్వ్ కావాలి. ఇంకో సంగతి. మామూలు బాయిలర్‌కి తిరిగి వచ్చే నీళ్లు 55 డిగ్రీల కంటే బాగా చల్లగా ఉంటే లోపల చెమట పట్టి తుప్పు తినేస్తుంది. ఆ వాల్వ్‌ని బిగించేటప్పుడు బాయిలర్‌కి వెళ్లే నీళ్లు వేడిగానే ఉండేలా పైపులు కలపమని మిస్త్రీకి చెప్పండి.

వేడి పెంచితే తేమ పడిపోతుంది

దీన్ని చాలామంది పట్టించుకోరు. బయట 16 డిగ్రీల్లో 80 శాతం తేమ ఉన్న గాలిని అలాగే 26కి వేడి చేస్తే తేమ 43 శాతానికి పడిపోతుంది. ఆకు గంటలో వాడిపోతుంది, చిన్న పురుగు తినదు. అందుకే హీటర్‌తో పాటు నీళ్ల పళ్లేలు, తడి గోనెలు, చాకీ తట్టలకి పారాఫిన్ కాగితం ఉండాలి. జ్వరంలో ఉన్నప్పుడు మాత్రం ఆ కప్పులు తీసి పడకని ఆరనివ్వాలి. తేమ బాగా ఎక్కువై వేడి తక్కువైతే సున్నపుకట్టు రోగం పట్టుకుంటుంది. తడి-పొడి థర్మామీటర్ ఒకటి గదిలో ఉంటే రెండూ తెలుస్తాయి.

కుంపటి గురించి ఒక మాట

చలి ఎక్కువైతే బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు బిగించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పొగ పురుగుకి చెరుపు. పొగ కనిపించకపోయినా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు. రాత్రి ఆకు వెయ్యడానికి వెళ్లి అక్కడే కునుకు తీసినవాళ్ల ప్రాణానికే ముప్పు. కుంపటి తప్పనిసరైతే బొగ్గు బయట పూర్తిగా రగిలి ఎర్రబడ్డాకే లోపలికి తేవాలి, గాలికి దారి వదలాలి, ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు.

ఈ చలికాలం గుడ్లకి చెప్పేముందు ఒక పని చెయ్యండి. పురుగులు లేని గదిలో రెండు రాత్రులు హీటర్ నడిపి, పై తట్టలో ఒకటి, కింది తట్టలో ఒకటి థర్మామీటర్లు పెట్టి, తెల్లవారుజామున నాలుగింటికి రెండూ చూసి రాసుకోండి. బయట ఎంత ఉందో కూడా రాయండి. ఆ అంకెలు గ్రూపులో పెడితే ఎవరి గదికి ఏది కావాలో కలిసి చూద్దాం.