తగ్గిందని విడిచిపెట్టిన జ్వరం



మన పెద్దలు చలిజ్వరమని పిలిచిన మలేరియా ఈనాటి వ్యాధి కాదు. మన్యపు జ్వరమన్న మాట వింటేనే మైదానపు వారు భయపడిన కాలముండేది. అది చెడుగాలి వలన వస్తుందని చాలాకాలం నమ్మారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో ఈ వ్యాధి క్రిమిని చూచాడు. దోమకాటుకూ ఈ జ్వరానికీ గల సంబంధం అక్కడ బయలుపడింది.

1947లో మన దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా సోకేదనీ, 8 లక్షల మంది చనిపోయేవారనీ అంచనా. 1953లో ప్రభుత్వం జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభించి, ఊరూరా ఇళ్ల గోడలకు డి.డి.టి. కొట్టించింది. రక్తం త్రాగిన దోమ గోడ మీద వాలుతుంది గనుక అక్కడే మందు తగిలి చస్తుంది. 1961 నాటికి కేసులు సుమారు 50 వేలకు దిగిపోయాయి.

అంతటితో శత్రువు చచ్చాడనుకున్నారు. నిఘా సడలింది. మందు సకాలంలో అందలేదు. దోమలు కూడా డి.డి.టి.ని తట్టుకోసాగాయి. ఫలితంగా 1976లో 64 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి! పొరుగున శ్రీలంకలోనూ ఇదే జరిగింది. అక్కడ 1963లో 17 కేసులే మిగిలాయి. 1968-69లలో లక్షలాది మంది మంచమెక్కారు. ఆ దేశం మరల పట్టుదలతో శ్రమించి, 2016లో మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది.

మన దేశంలో 2023 నాటికి నమోదైన కేసులు సుమారు 2.27 లక్షలు. 2030 నాటికి పూర్తిగా తొలగించాలన్నది ప్రభుత్వ లక్ష్యం. అయితే మిగిలిన భారం ఎక్కువగా అడవులలో, కొండలలో నివసించే పేదల మీదనే ఉన్నది. ఇటువంటి సమయంలోనే మనం మరింత మెలకువగా ఉండాలి.

దేశం చేసిన పొరపాటే మన ఇళ్లలోనూ జరుగుచున్నది. జ్వరం తగ్గగానే మాత్రలు గూట్లో పెట్టేస్తాము. వైవాక్స్ రకం క్రిమి కాలేయంలో దాగి, నెలల తరువాత మరల లేస్తుంది. అందుకే ఆ రకానికి 14 రోజుల మాత్రలు కూడా ఇస్తారు. ఫాల్సిపారం రకమైతే ఆలస్యం చేస్తే మెదడుకు ప్రాకి ప్రాణం తీయవచ్చును.

గనుక చలితో జ్వరం వస్తే ఆశా కార్యకర్త వద్ద గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని వెంటనే రక్తపరీక్ష చేయించండి. గర్భవతులు, పసిపిల్లల విషయంలో వైద్యుని అడగకుండా ఏ మాత్రా వేయవద్దు. దోమతెర వాడండి. దోమ గుడ్డు పెట్టిన వారం పది రోజులలో పిల్లదోమ ఎగురుతుంది. కాబట్టి తొట్లు, కుండలు వారానికొకసారి ఖాళీచేసి ఆరబెట్టండి. గోడలకు మందు కొట్టేవారు వస్తే తలుపు తీయండి.

సగంలో ఆపిన మందైనా, సగంలో విడిచిన పనియైనా వ్యాధికి మేలు చేస్తుంది గాని మనకు కాదు.