స్పాంజి ఇనుము: కొలిమి ఏల వెలుగును, ఏల ఆరును?

బళ్ళారి చుట్టుప్రక్కల ఇనుప ఖనిజమునకు కొదువ లేదు. సండూరు కొండలు కంటి యెదుటనే యున్నవి. అట్లుండ ఇచ్చటి స్పాంజి ఇనుము కర్మాగారములు కొన్ని ఒక యేడు పనిచేసి మరియొక యేడు మూతపడుట యేల? పై తరగతుల విద్యార్థులు మమ్ములను ఈ ప్రశ్న పలుమారు అడిగియున్నారు. వారిలో కొందరి తండ్రులు ఆ కొలుముల వద్దనే పనిచేయువారు గనుక ఇది పాఠ్యపుస్తకపు ప్రశ్న మాత్రమే కాదు.

ఖనిజమనగా ఇనుమును ఆమ్లజనియు కూడియున్న రాయి. శుద్ధమైన హెమటైటు 160 టన్నులలో 112 టన్నులు ఇనుము, తక్కిన 48 టన్నులు ఆమ్లజని. బ్లాస్టు ఫర్నేసులో కోకు బొగ్గుతో ఆ రాతిని కరిగించి ఇనుమును ద్రవముగా తీయుదురు. స్పాంజి పద్ధతిలో కరిగించుట లేదు. కిల్న్ అను పొడవైన ఉక్కు గొట్టము మెల్లగా తిరుగుచుండగా, ముక్కలుగా కొట్టిన ఖనిజమును మామూలు బొగ్గును అందు పోసి, సుమారు 1,000 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి నిలుపుదురు. బొగ్గు నుండి పుట్టిన కార్బన్ మోనాక్సైడు ఖనిజములోని ఆమ్లజనిని లాగుకొనును. రాయి ఆకారము ఇంచుమించు అట్లే నిలిచి, ఆమ్లజని వెడలిన చోట్ల సన్నని రంధ్రములు మిగులును. స్పాంజి అను పేరు అందుచేతనే వచ్చినది. దానిని కరిగించు పని తరువాత విద్యుత్ కొలిమి చేయును.

ఈ సరకునకు పోటీ తుక్కు ఇనుము. ఉక్కు కొలిమి యజమానికి రెండును పనికివచ్చును. కావున స్పాంజి ధర తుక్కు ధరను మించి చాలకాలము నిలువజాలదు. తుక్కులో రాగి వంటి దోషములు చేరియుండవచ్చును, స్పాంజిలో ఆ భయము తక్కువ; ఇది దాని మేలు. కాని ఖనిజములోని ఇసుక, మట్టి స్పాంజిలోనే మిగులును. వాటిని చిట్టెముగా వేరుచేయుటకు విద్యుత్తు ఖర్చగును గనుక కొనువాడు ఆ మేరకు ధర తగ్గించియే అడుగును.

అమ్మకపు ధర యజమాని చేతిలో లేదు. ఇక ఖర్చు చూతము. టన్ను స్పాంజికి ఖనిజము సుమారు 1.6 టన్నులు, బొగ్గు సుమారు 1.2 టన్నులు కావలెను. బొగ్గు టన్నుకు 1,000 రూపాయలు పెరిగిన, స్పాంజి టన్ను మీద 1,200 రూపాయల భారము పడును. ఖనిజము మన కొండలదే. బొగ్గు కర్ణాటకలో లేదు. దక్షిణమున సింగరేణి తప్ప చెప్పుకోదగిన రాతిబొగ్గు గనులు లేవు, నైవేలిది లిగ్నైటు. అందుచే ఇచ్చటి కర్మాగారములు కృష్ణపట్నము వంటి రేవులలో దిగు దక్షిణాఫ్రికా బొగ్గును వాడుచు వచ్చినవి. ఇక బళ్ళారి కొలిమి మంట ఓడ కిరాయి మీదను, డాలరు వెల మీదను ఆధారపడుట వింత గాదు.

ఈ విషయమున పాల్వంచ కథ తెలిసికొనదగినది. బొగ్గుతో స్పాంజి ఇనుము తీయు మన దేశపు తొలి కర్మాగారము 1980లో అచ్చట ఐక్యరాజ్యసమితి సహాయముతో పని ప్రారంభించినది. దాని శక్తి ఏటికి 30,000 టన్నులు. సింగరేణి బొగ్గు ప్రక్కనే యుండుట ఆ చోటి బలము. నేడు స్పాంజి ఇనుము తయారీలో ప్రపంచమున మన దేశమే ప్రథమము. అందు పెద్దభాగము బొగ్గుతో తీసినదే.

ఖనిజము చెంతనే యున్నను చేతికందునని లేదు. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లా గనులలో త్రవ్వకము నిలిపినది. అడవులకును కొండలకును జరిగిన హాని చూచిన మాకు ఆ ఉత్తరువు న్యాయముగనే తోచినది. కాని తప్పు చేసిన గనివానితోపాటు ఏ తప్పును ఎరుగని కొలిమి కూలియు పని పోగొట్టుకొనెను.

మూసివేత హఠాత్తుగా వచ్చుటకును, ఎక్కువకాలము సాగుటకును కారణము కిల్న్ స్వభావమందే కలదు. దానిని దీపమువలె ఆర్పి వెలిగింపరాదు. చల్లబడిన లోపలి ఇటుక వరుస బీటలు వారును. వానకు తడిసిన స్పాంజి మరల ఆమ్లజనితో కూడి వేడెక్కును గనుక, మంచి ధరకై నెలల తరబడి ఆరుబయట కుప్పపోసి కాచుకొనుటయు కుదరదు. కావున యజమాని కొన్నాళ్ళు నష్టమునకే నడుపును. ఒకసారి ఆపిన పిదప ధర కొంచెము లేచినంతమాత్రాన తిరిగి వెలిగింపడు.

అట్టి కాలమున నిలుచువారు ఎవరు? కిల్న్ నుండి వెడలు పొగ 900 డిగ్రీల వేడితో నుండును. దినమునకు 100 టన్నులు తీయు కిల్న్ పొగతో సుమారు 2 మెగావాట్ల విద్యుత్తు పుట్టింపవచ్చును. లెక్క వేసిన టన్ను స్పాంజికి 480 యూనిట్లు. ఆ విద్యుత్తుతో తన స్పాంజిని తానే కరిగించుకొనువానికి ఊపిరి యుండును. బాయిలరు పెట్టు స్థోమత లేని చిన్న కిల్న్ ఆ వేడిని గాలికి వదలి, ముందుగా ఆగును.

గాలికి పోవునది వేడి మాత్రమే కాదు. పొగలోని ధూళిని పట్టు యంత్రమునకు విద్యుత్తు కావలెను. దానివలన అమ్మకమునకు ఒక టన్నైనను పెరుగదు. దానిని నిలిపి ఖర్చు తగ్గించుకొన్నామనువారి లెక్క మాకు సమ్మతము కాదు. ఆ ఖర్చు తగ్గలేదు; ప్రక్క పొలములోని ప్రత్తి మీదను, మిరప మీదను పడినది.