ముళ్ల పీతలు, కొండవాగు పీతలు: శరీర నిర్మాణం, వర్గీకరణ, సాగులో ప్రాధాన్యం

రంపచోడవరం పరిసరాల్లోని వరిమడులలో గట్లకు బొరియలు పడి నీరు జారిపోవడం రైతులకు పరిచితమైన సమస్య. దీనికి కారణమైన పీతను శత్రువుగా భావించి బొరియలలో పురుగుమందు గుళికలు వేయడం సరైనదా? సమాధానానికి ముందు ఆ జీవి నిర్మాణాన్ని, వర్గీకరణను తెలుసుకోవడం అవసరం.

పీతలు ఆర్థ్రోపొడా వర్గంలో, క్రస్టేషియాకు చెందిన డెకాపొడా క్రమంలోనివి. తల, వక్షం కలిసిపోయి ఒకే గట్టి పెంకు కింద ఉంటాయి. ఐదు జతల కాళ్లలో మొదటి జత పట్టుకారు వలె మారింది. ఉదరం పలుచబడి వక్షం కిందికి ముడుచుకొని ఉంటుంది. మగపీతలో ఇది సన్నగాను, ఎదిగిన ఆడపీతలో వెడల్పుగాను ఉంటుంది. పెంకు సాగదు కనుక కుబుసం విడిచినప్పుడే పీత పెరుగుతుంది.

సముద్రపు ఈతపీతలు పోర్చునిడే కుటుంబానికి చెందినవి. వీటి చివరి జత కాళ్లు తెడ్ల వలె చదునుగా ఉంటాయి. పెంకు ముందు అంచున ఉన్న ముళ్లే ప్రజాతుల గుర్తింపునకు ఆధారం. కోరంగి మడ అడవులలో లభించే సిల్లా ప్రజాతికి ఒక్కొక్క ప్రక్క దాదాపు సమానమైన 9 ముళ్లు ఉంటాయి. పోర్చునస్‌కు కూడా తొమ్మిదే అయినా, చివరిది పొడవుగా ప్రక్కకు సాగి ఉంటుంది. కారిబ్డిస్‌లో సాధారణంగా 6 ఉంటాయి. సిల్లాలో నాలుగు జాతులున్నాయని 1998లో జరిగిన పునఃపరిశీలన నిర్ధారించింది.

ద్వీపకల్ప భారతంలోని మంచినీటి పీతలలో అధికభాగం గెకార్సినూసిడే కుటుంబానివి. వరిమడులలో కనిపించే ఓజియోటెల్ఫూసా ఇందులోనిదే. దీనికి ముళ్ల వరుస లేదు. కంటి వెనుక అంచున ఒక చిన్న దంతం మాత్రమే ఉంటుంది. కాళ్లు ఈతకు కాక నడకకు, తవ్వకానికి అనువైనవి.

అసలైన భేదం సంతానోత్పత్తిలో ఉంది. సముద్రపు పీత లక్షలాది గుడ్లు పెడుతుంది. వాటి డింభకాలు ప్రవాహాలతో దూరప్రాంతాలకు వ్యాపిస్తాయి. మంచినీటి పీత పెట్టేవి కొద్దిపాటి పెద్ద గుడ్లు. వాటి నుండి నేరుగా పిల్లపీతలే వెలువడి, కొంతకాలం తల్లి ఉదరం కిందనే ఉంటాయి. కనుక ఒక వాగులో పీతలు నశిస్తే వాటి స్థానాన్ని నింపడానికి సముద్రం నుండి డింభకాలు రావు.

బొరియలో వేసిన విషం మడిలోనే ఆగదు. వాగునీటిలోకి, ఆ పీతలను తినే కుటుంబాల ఆహారంలోకి చేరుతుంది. ఫోరేట్ వినియోగం మన దేశంలో 2020 డిసెంబరు 31 నుండి నిషిద్ధం. గట్లు చెక్కి, బొరియలను బంకమట్టితో బిగువుగా కూరి, పైన బురద మెత్తాలి. పీతలు రాత్రివేళ ఎక్కువగా సంచరిస్తాయి కనుక దీపపు వెలుగులో చేతితో ఏరివేయవచ్చు.

ఏరిన పీతలను బాగా ఉడికించి మాత్రమే తినాలి. సరిగా ఉడకని మంచినీటి పీతల ద్వారా పారాగోనిమస్ అనే ఊపిరితిత్తుల పరాన్నజీవి సోకవచ్చు. ఈశాన్య రాష్ట్రాలలో ఈ వ్యాధిని క్షయగా పొరబడిన సందర్భాలున్నాయి. గట్టును కాపాడుకుంటూనే వాగును విషరహితంగా ఉంచడం సాధ్యమే. మన సిఫారసులు ఆ దిశగానే ఉండాలి.