పుట్టగొడుగుల కాఫీ: గుణమెంత? దోషమెంత?

"అయ్యా, కాఫీ మానలేకున్నాము. దాని బదులు పుట్టగొడుగుల కాఫీ త్రాగవచ్చునా?" అని ఈ మధ్య పలువురు నన్ను అడుగుతున్నారు. అమెరికాలోని పిల్లలు పంపిన డబ్బాలను కొందరు వెంట తెచ్చి మరీ చూపుతున్నారు. పేరు విని, కూరలో వేసే పుట్టగొడుగులను కాఫీలో ఉడికిస్తారని భావించనక్కరలేదు. ఛాగా, రైషీ, లయన్స్ మేన్, కార్డిసెప్స్ అనే శిలీంధ్రాలను ఎండబెట్టి, చూర్ణంగానో సారంగానో కాఫీపొడిలో కలుపుతారు. రుచి కాఫీదే, కొంచెం మట్టివాసన తోడవుతుంది.

వీనిలో ఛాగా శీతల దేశాలలో భూర్జవృక్షాలపై నల్లని బొగ్గుముద్దవలె పెరుగుతుంది. మన పూర్వులు గ్రంథాలు వ్రాసుకొన్న భూర్జపత్రం ఆ జాతి చెట్టు పట్టయే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కాఫీగింజలు దొరకక ఫిన్లాండు ప్రజలు ఛాగాను కాచుకొని త్రాగారు. నాడు అది కాఫీకి బదులు. నేటి డబ్బాలలో సాధారణంగా కాఫీ కూడా ఉంటుంది.

మన శాస్త్రకారులకు కాఫీ తెలియదు గాని పుట్టగొడుగులు బాగా తెలుసు. సర్పచ్ఛత్రకం తప్ప తక్కిన ఛత్రజాతులు మధురములు, శీతములు, గురువులు, పీనసకారకములు అని చరకుడు చెప్పాడు. సుశ్రుతుడు వీనిని గడ్డి, చెరకు, పేడ, వెదురు, నేల అని పుట్టినచోటును బట్టి విభజించి గుణాలు చెప్పాడు. ఈ విభజన నేటి డబ్బాలకు సరిగ్గా వర్తిస్తుంది. కొన్ని కంపెనీలు శిలీంధ్ర తంతువులను ధాన్యంపై పెంచి, ఆ ధాన్యంతో సహా పొడి చేస్తాయి. అప్పుడు మనం కొనేది చాలావరకు పిండియే!

ఇక గుణం. ఇందులో కాఫీపొడి తక్కువ గనుక కెఫీన్ చాలా రకాలలో సుమారు సగమే ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు కెఫీన్ 300 మి.గ్రా. మించరాదు, 150 మి.లీ. డికాషన్ కాఫీలో 80 నుండి 120 మి.గ్రా. వరకు ఉంటుంది. రోజుకు నాలుగైదు కప్పులు త్రాగి నిద్ర పట్టక, గుండెదడతో, కడుపుమంటతో బాధపడేవారికి ఈ తగ్గింపు మేలే. అయితే ఆ మేలు కెఫీన్ తగ్గినందువలన కలిగినది. కప్పును సగం చేసినా అదే ఫలితం, ఖర్చు లేకుండా!

జ్ఞాపకశక్తి పెరుగుతుందన్న ప్రచారానికి 2009 నాటి ఒక జపాను పరిశోధనను చూపుతారు. అందులో మతిమరుపు మొదలైన 50–80 ఏండ్లవారికి లయన్స్ మేన్‌ను 16 వారాలు మాత్రలుగా ఇచ్చారు. కొంత గుణం కనిపించింది, మానిన నాలుగు వారాలకే తగ్గసాగింది. అది కాఫీ కాదు. రోజుకు సుమారు 3 గ్రాముల మోతాదు. కాఫీ కప్పులో అంత ఉండడం అరుదు.

దోషాల విషయంలో ఉపేక్ష తగదు. నా వద్దకు వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి రెండుసార్లు మూత్రాశ్మరి వచ్చింది. కుమార్తె ప్రేమతో పంపినదని రోజుకు మూడుసార్లు ఈ కాఫీ త్రాగుతున్నాడు. డబ్బాపై ఛాగా పేరు చూసి వెంటనే మాన్పించాను. ఛాగాలో ఆక్సలేట్లు అధికం; రాళ్లు ఏర్పడేది ఎక్కువగా వానివలననే. జపానులో 72 ఏండ్ల స్త్రీ ఒకరు ఆరు నెలలపాటు రోజూ నాలుగైదు చెంచాల ఛాగా పొడి తిని, మూత్రపిండాలు చెడి డయాలిసిస్ వరకు వెళ్లిన ఉదంతం 2014లో ప్రచురితమైంది.

రైషీ రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గించవచ్చు. రక్తం పలుచబడే మందులు వాడేవారు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు దీని జోలికి పోరాదు. మధుమేహానికి, రక్తపోటుకు మందులు వాడేవారు, అవయవమార్పిడి జరిగినవారు తమ వైద్యునికి డబ్బా చూపక త్రాగరాదు. గర్భిణులకు, బాలింతలకు, పిల్లలకు నేను అసలే అనుమతించను.

ఆరోగ్యవంతులు త్రాగదలిస్తే ఉదయం ఒక కప్పు చాలు, అదీ భోజనానికి గంట ఎడంగా. ఏ శిలీంధ్రం ఎన్ని మిల్లీగ్రాములో విడివిడిగా వ్రాయని డబ్బా కొనకండి. పడిశం, కఫం, అగ్నిమాంద్యం ఉన్నవారికి చరకుని మాట గుర్తుచేస్తాను.

కాఫీ తగ్గించడమే మీ ఉద్దేశమైతే మన ఇండ్లలోని ధనియాల కాఫీ ఉండనే ఉన్నది. ధనియాలు 100 గ్రాములు, జీలకర్ర 25 గ్రాములు దోరగా వేయించి, శొంఠి 10 గ్రాములు చేర్చి బరకగా దంచి నిలువ ఉంచండి. గ్లాసెడు నీటిలో చెంచా పొడి వేసి సగానికి మరిగించి, వడగట్టి, కొంచెం బెల్లం వేసుకొని త్రాగండి. పాలు కావలసినవారు దించిన తరువాతే కలుపుకోవాలి, లేకుంటే విరిగిపోతాయి.