ఉభయపక్ష శాసననిర్మాణం – అమెరికా చిప్స్ అండ్ సైన్స్ చట్టం: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

పరస్పరం విభేదించే రెండు రాజకీయ పక్షాలు ఒకే బిల్లుకు ఓటు వేసినంత మాత్రాన వాటి లక్ష్యాలు ఒకటేనని భావించలేం. ఒక్కో పక్షం ఒక్కో కారణంతో అదే బిల్లును సమర్థించవచ్చు. 2022 ఆగస్టు 9న అధ్యక్షుడు జో బైడెన్ సంతకంతో చట్టమైన ‘చిప్స్ అండ్ సైన్స్ చట్టం’ ఇందుకు తగిన ఉదాహరణ. అమెరికా దేశీయ తయారీరంగాన్ని, ఆర్థిక పోటీసామర్థ్యాన్ని పెంపొందించడం దీని ఉద్దేశం. ఇందులో ఉభయపక్షాల అంగీకారం ఎక్కడ బలంగా నిలిచింది, ఎక్కడ కాగితానికే పరిమితమైంది అన్న విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. నేపథ్యం:

ప్రపంచ చిప్‌ల తయారీ సామర్థ్యంలో అమెరికా వాటా 1990లో 37 శాతం. 2020 నాటికి అది 12 శాతానికి పడిపోయింది. చిప్‌ల రూపకల్పనలో అమెరికా సంస్థలు ముందంజలోనే ఉన్నా, తయారీ అధికభాగం తూర్పు ఆసియాకు తరలిపోయింది. అత్యాధునిక చిప్‌లకు తైవాన్‌పై ఆధారపడటం పెరిగింది. కోవిడ్ కాలంలో చిప్‌ల కొరతతో కార్ల కర్మాగారాలు ఉత్పత్తిని తగ్గించుకోవలసి వచ్చింది. ఒక పక్షం దీన్ని ఉపాధి సమస్యగా చూసినా, మరొక పక్షం చైనాతో ముడిపడిన దేశభద్రత సమస్యగా చూసినా, పరిష్కారం మాత్రం ఒకే చోట కలిసింది.

3. శాసనప్రక్రియ:

2020లో సెనేట్‌లో రెండు ప్రతిపాదనలు వచ్చాయి. రిపబ్లికన్ జాన్ కార్నిన్, డెమోక్రాట్ మార్క్ వార్నర్ చిప్‌ల తయారీకి ప్రోత్సాహకాలు కోరారు. డెమోక్రాట్ చక్ షూమర్, రిపబ్లికన్ టాడ్ యంగ్ శాస్త్రపరిశోధనకు భారీ నిధులు కోరారు. మొదటి ప్రతిపాదన 2021 జనవరి 1న చట్టమైన రక్షణ బిల్లులో చోటు సంపాదించింది. అయితే అందులో పథకం ఉందిగాని డబ్బు లేదు.

2021 జూన్‌లో సెనేట్ 68–32 ఓట్లతో ఒక విస్తృత బిల్లును ఆమోదించింది. 2022 ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ దాదాపు పూర్తిగా పార్టీల వారీగా చీలి, 222–210 ఓట్లతో తనదైన మరో బిల్లును ఆమోదించింది. ఈ రెండింటికీ పొత్తు కుదరలేదు. చివరకు వివాదాస్పదమైన వాణిజ్య అంశాలను వదిలివేసి, చిప్‌లు, శాస్త్రపరిశోధన ప్రధానాంశాలుగా బిల్లును కుదించారు. అది జులై 27న సెనేట్‌లో 64–33, మరునాడు ప్రతినిధుల సభలో 243–187 ఓట్లతో నెగ్గింది. సెనేట్‌లో 17 మంది, ప్రతినిధుల సభలో 24 మంది రిపబ్లికన్లు అనుకూలంగా ఓటు వేశారు. లాభాలు గడించే సంస్థలకు ప్రజాధనం ఇవ్వడాన్ని విమర్శించిన బెర్నీ శాండర్స్ వ్యతిరేకించారు. అంటే ఇక్కడ చీలిక కేవలం పార్టీల గీత వెంబడి ఏర్పడినది కాదు.

4. వ్యయానుమతి – కేటాయింపు:

అమెరికా శాసనవ్యవస్థలో ఒక పనికి ఇంత ఖర్చు చేయవచ్చని అనుమతించడం వేరు, ఆ డబ్బును నిజంగా కేటాయించడం వేరు. ఈ చట్టం మొత్తం విలువగా చెప్పే సుమారు 280 బిలియన్ డాలర్లలో చిప్‌ల రంగానికి నేరుగా కేటాయించినది 52.7 బిలియన్లు. అందులో 39 బిలియన్లు తయారీ ప్రోత్సాహకాలు. వీటికి తోడు పెట్టుబడిపై 25 శాతం పన్ను రాయితీ కల్పించారు. సహాయం పొందిన సంస్థలు పదేళ్లపాటు చైనాలో అధునాతన చిప్‌ల ఉత్పత్తిని చెప్పుకోదగ్గ స్థాయిలో విస్తరించరాదని, ఆ సొమ్ముతో సొంత షేర్లను తిరిగి కొనరాదని షరతులు విధించారు.

శాస్త్రపరిశోధన భాగం ప్రధానంగా వ్యయానుమతి రూపంలోనే ఉంది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు 2024 ఆర్థిక సంవత్సరానికి చట్టం అనుమతించినది సుమారు 15.6 బిలియన్లు కాగా, దక్కినది సుమారు 9 బిలియన్లు మాత్రమే. 2021లో చిప్‌ల పథకానికి ఎదురైన స్థితే ఇక్కడ పరిశోధనకు ఎదురైంది.

5. ముగింపు:

• ఉభయపక్ష అంగీకారానికి ఒకే భావజాలం అవసరం లేదు. వేర్వేరు ప్రయోజనాలు ఒకే సాధనంలో కలిస్తే చాలు.

• అంగీకారబలానికి ఓట్ల సంఖ్య ఒక్కటే కొలమానం కాదు. ఏటేటా నిధులు కేటాయించడంలోనే దాని నిజస్వరూపం తెలుస్తుంది.

• 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ ఈ చట్టాన్ని తొలగించాలని కోరినా కాంగ్రెస్ రద్దు చేయలేదు. పైగా అదే ఏడాది జులైలో రిపబ్లికన్ల ఓట్లతోనే నెగ్గిన చట్టం పన్ను రాయితీని 35 శాతానికి పెంచింది. కర్మాగారాలు, ఉద్యోగాలు నియోజకవర్గాలకు చేరిన విధానాలకు మద్దతుదారులు నిలుస్తారు. ఫలితం ఆలస్యంగా కనిపించే పరిశోధనకు అటువంటి రక్షణ దొరకడం కష్టం. దీర్ఘకాలిక పోటీసామర్థ్యానికి పునాది పరిశోధనే గనుక, ఈ చట్టంలోని అసలు లోటు ఇక్కడే ఉంది.