రేఖ అక్షమును తాకుచోటు

సరళరేఖ అక్షములను ఖండించుచోట్లు దాని అంతరఖండములను తెలుపును. ఎక్స్-అక్షముపైనున్న ప్రతి బిందువునకును వై విలువ సున్న. కావున సమీకరణములో వై = 0 అని తీసికొనిన ఎక్స్-అంతరఖండము లభించును. అట్లే ఎక్స్ = 0 అని తీసికొనిన వై-అంతరఖండము లభించును. విద్యార్థులు తరచుగా ఈ రెండింటిని తారుమారు చేయుదురు. బిందువు ఏ అక్షముపై నున్నదో తలచుకొనినచో ఆ పొరపాటు జరుగదు.

ఒక ఉదాహరణము: 0° సెంటిగ్రేడువద్ద 273 ఘన సెంటీమీటర్లున్న గాలిని, పీడనము మార్చక వేడిచేసినచో, ప్రతి డిగ్రీకిని సుమారు 1 ఘన సెంటీమీటరు చొప్పున వ్యాకోచించును. ఉష్ణోగ్రతను ఎక్స్ అనియు, ఘనపరిమాణమును వై అనియు అనుకొనినచో,

వై = ఎక్స్ + 273

ఎక్స్ = 0 అయినపుడు వై = 273. ఇది ముందే తెలిసిన ఘనపరిమాణము. వై = 0 అయినపుడు ఎక్స్ = −273. విశేషమంతయు ఇందున్నది. రెట్టింపు గాలిని తీసికొనినచో సమీకరణము వై = 2 ఎక్స్ + 546 అగును. వై-అంతరఖండము రెట్టింపైనను, ఎక్స్-అంతరఖండము −273 గానే నిలుచును. గాలికి బదులు ఇతర వాయువులను తీసికొనినను రేఖను పొడిగించినపుడు ఇంచుమించు అచ్చటికే చేరును.

అయితే ప్రయోగము అంతదూరము పోజాలదు. వాయువులు ముందే ద్రవములగును. ఆక్సిజన్ −183° వద్దనే ద్రవించును. కావున ఘనపరిమాణము సున్న యగుట ఎవరును చూడలేరు. రేఖ చూపిన ఆ చోటే పరమశూన్య ఉష్ణోగ్రత. దాని ఖచ్చితమైన విలువ −273.15°. కెల్విన్ మానము అచ్చటినుండియే మొదలగును. ఆ మానములో కొలిచినచో రేఖ మూలబిందువుగుండా పోవును. అంతరఖండములు రెండును సున్నలే.