దళిత క్రైస్తవ చరిత్ర: జట్టుగా గ్రాంటు అడిగే ముందు తేల్చుకోవలసినవి

గోదావరి డెల్టాలో దళిత క్రైస్తవుల చరిత్ర రాయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్‌లు నర్సాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ నడిపారు. 1845లో రాజమండ్రిలో జర్మన్ లూథరన్లు పని మొదలుపెట్టారు. తర్వాత ఆ మిషన్ అమెరికన్ల చేతికి వెళ్లింది. 1874లో కాకినాడకు కెనడా బాప్టిస్టులు వచ్చారు. కాగితాలు కూడా ఎవరివి వారి దేశాలకు పోయాయి. బ్రదరన్ వాళ్లవి మాంచెస్టర్ యూనివర్సిటీ లైబ్రరీలో, కెనడా వాళ్లవి హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్‌లో, లూథరన్లవి అమెరికాలో ఉన్నాయి. ఇక్కడ మిగిలినవి చర్చి బీరువాల్లోని బాప్తిస్మ రిజిస్టర్లు, మినిట్సు పుస్తకాలు, మాల మాదిగ పేటల్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలు.

మిషనరీల ఇంగ్లీషు రిపోర్టులు చదవగలిగేవాళ్లు, పాత తెలుగు చేతిరాత పోల్చుకోగలిగేవాళ్లు, పేటలో అరుగు మీద కూచుంటే పెద్దలు నోరు విప్పి మాట్లాడేవాళ్లు - ఈ ముగ్గురూ కావాలి. మూడు పనులూ ఒక్కరికే వచ్చి ఉండటం అరుదు. అందుకే జట్టు.

అయితే జట్టు అనగానే అందరూ సమానం అయిపోరు. మిషన్ కాలంలో ఊరూరా తిరిగిన దళిత ఉపదేశకులు, బైబిలు స్త్రీలు సమాచారం తెచ్చారు, రిపోర్టు మీద సంతకం మాత్రం దొరది. ఇవాళ్టి ప్రాజెక్టుల్లోనూ యూనివర్సిటీ ప్రొఫెసర్ డైరెక్టరు, పేట కుర్రాడు ఫీల్డు ఇన్వెస్టిగేటరు అయితే తేడా ఏముంది? దీన్ని డబ్బు వచ్చాక సరిచేయలేం. దరఖాస్తులోనే రాసుకోవాలి.

ఎవరు అడగవచ్చు?

వ్యక్తిగత ఫెలోషిప్పులకు కులం, మతం గడి అడ్డొస్తుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే ఎస్సీలు. క్రైస్తవులైన దళితులు మన రాష్ట్రంలో బీసీ-సి. కాబట్టి ఎస్సీ ఫెలోషిప్పు అడగలేరు. మైనారిటీల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును 2022లో ఆపేశారు.

జట్టు ప్రాజెక్టు సంగతి వేరు. భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి వంటివి ప్రాజెక్టుకు డబ్బు ఇచ్చేటప్పుడు ప్రధానంగా చూసేది డైరెక్టరు అర్హతనూ, దరఖాస్తును పంపే సంస్థనూ. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయమో పరిశోధన సంస్థో దాన్ని పంపాలి. వేదాంత కళాశాల ఒక్కటే అడిగితే ఆ గుర్తింపు దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. రాజమండ్రిలో 2006లో వచ్చిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం లాంటి చోట డైరెక్టరు ఉండి, వేదాంత కళాశాల అధ్యాపకులు జట్టులో చేరడం ఒక దారి.

విదేశీ డబ్బు

చర్చి పరిచయాలు ఉన్నాయి కదా, బయటి నుంచి తెచ్చుకుందాం అనుకుంటాం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ జట్టు పనికి నేరుగా తగులుతుంది. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ తనకొచ్చిన విదేశీ సొమ్మును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. సొమ్ము మొదట న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. అంటే మూడు సంస్థలు కలిసి ఒక గ్రాంటు తెచ్చి వాటాలు వేసుకోవడం కుదరదు. సొమ్ము అందుకునే సంస్థే నేరుగా మనుషుల్ని పెట్టుకుని పనికి వేతనం ఇవ్వాలి. వ్యక్తిగత ఖాతాలో వేయించుకుందాం అనే ఆలోచన అసలు వద్దు. ముందు ఆడిటరును అడగండి.

బడ్జెట్టులో ఏం రాయాలి?

పేటలో పనిచేసే పరిశోధకులకు ఇంటర్వ్యూ లెక్కన కూలి కాదు, నెల వేతనం చూపాలి. ఒక గంట మాటల్ని కాగితం మీదికి ఎక్కించడానికి రోజంతా పట్టవచ్చు, ఆ రోజుల్నీ లెక్కలో వేయాలి. చివరి వాయిదా సాధారణంగా నివేదిక, ఆడిట్ లెక్కలు, వినియోగ పత్రం ఇచ్చాకే వస్తుంది. జట్టులో జీతం మీదే బతికేవాళ్లకు బకాయి ఆ చివరి వాయిదాకు పడకుండా చూసుకోవాలి. వ్యాసాలు, పుస్తకం మీద ఎవరి పేర్లు ఏ వరసలో ఉండాలో ఒక పేజీలో రాసి అందరూ సంతకం పెట్టాలి.

రెండు పేర్ల సమస్య

అన్నిటికంటే పెద్ద బాధ్యత ఇది. చర్చిలో ఒక పేరు, రికార్డులో ఒక పేరు ఉన్న కుటుంబాలు మన పేటల్లో ఉన్నాయి. ఇది మోసం కాదు, 1950 ఉత్తర్వు మనుషుల్ని నెట్టిన మూల. 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం కింద సర్టిఫికెట్టు రద్దు చేయవచ్చు, కేసూ పెట్టవచ్చు. మనం అచ్చువేసిన ఒక ఇంటర్వ్యూ, ఒక బాప్తిస్మ రిజిస్టరు ఫోటో ఎవరి ఉద్యోగానికైనా ఎసరు తేవచ్చు.

బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి నడుపుతున్న అంతరించిపోతున్న పత్రాల పథకం లాంటివి అసలు కాగితాల్ని దేశం దాటించవు, నకళ్లను మాత్రం అందరికీ తెరిచి పెడతాయి. పాత రిజిస్టర్లకు అది మేలే. బతికున్నవాళ్ల పేర్లున్న పుస్తకాల్ని ఇవ్వబోమని దరఖాస్తులోనే చెప్పాలి. ఇంటర్వ్యూల్లో పేర్లు, ఊళ్లు మార్చాలి. అసలు పేర్ల జాబితా వేరుగా, తాళం వేసి ఉంచాలి. టేపు ఎక్కడికి పోతుందో మాట్లాడినవాళ్లకు తెలుగులో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. నిధులిచ్చేవాళ్లు దీనికి ఒప్పుకోకపోతే ఆ గ్రాంటు మనకొద్దు. మన చరిత్ర మన చేత్తో రాసుకోవాలంటున్నాం. దాని ఖరీదు మాత్రం మనకు నోరు విప్పి చెప్పినవాళ్లు చెల్లించకూడదు.